నరసింగరావు పోగొట్టుకున్న తాళాలు

ప్రపంచంలో మొట్టమొదటి తాళాన్ని తయారుచేసిన మహానుభావుడి పేరు చరిత్రలో ఎక్కడా లేదు. ఆ మర్నాడే దాన్ని తెరవలేక గుమ్మం ముందు కూలబడినవాడి పేరూ లేదు. ఇంత పెద్ద లోటును చరిత్రకారులు ఇన్నాళ్ళు ఎలా సహించారో తెలియదు. దాన్ని కొంతవరకైనా పూడ్చిన ఘనత శ్రీకాకుళం జిల్లాలో, కోటబొమ్మాళి రైల్వేస్టేషనుకు నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న గుంటవానిపేటకు దక్కింది. ఆ ఊరి సహకార సంఘంలో గుమాస్తా నరసింగరావు తాళాలు పోగొడతాడు. పోయినవాటిని వెతకడానికి యంత్రాలు కొంటాడు. ఆ యంత్రాలు నచ్చక వేరే యంత్రాలు కొంటాడు. ఆయన గురించి ఇంతకుమించి తెలుసుకోవలసింది ఏమీ లేదని ఊరు ఊరంతా రెండేళ్ళుగా నమ్ముతోంది.

ఆ సంఘానికి కొత్త కార్యదర్శిగా వచ్చిన శ్రావణిది చీపురుపల్లి. వయసు ఇరవై ఎనిమిది. కుర్చీలో కూర్చుని మొదటి సొరుగు లాగగానే ఆమెకు దొరికింది ఒక లావుపాటి ఫైలు. పైన ఎర్ర సిరాతో ‘తాళములు – నరసింగరావు’ అని ఉంది. లోపల మూడు మెమోలు, మూడు సంజాయిషీలు. తేదీలు తప్ప మూడు సంజాయిషీల్లోనూ ఒకటే వాక్యం: ‘ఎరువుల గోదాము తాళములు వాచ్‌మన్ ఎర్రన్న వద్దనుండి నేనే తీసుకొని, ఎచ్చటనో ఉంచి, మరచితిని. క్షమింప ప్రార్థన.’

ఆమె గుమాస్తాను పిలిపించింది. యాభై నాలుగేళ్ళ మనిషి. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖంలో దేవుడి పటం ముందు నిలబడినంత గాంభీర్యం.

“నరసింగరావు గారూ, మూడుసార్లు తాళాలు పోగొట్టారా?”

“మూడు మెమోలు వచ్చినవండీ. పోగొట్టినవి పదిహేడుసార్లు” అని ఆయన వినయంగా సవరించాడు.

“నాలుగో మెమో అంటే సస్పెన్షన్. తెలుసు కదా?”

“తెలుసు మేడమ్. మూడో మెమో కింద పెన్సిలుతో రాసి ఉంది.”

“మరి ఈ మతిమరుపు ఎప్పటినుంచి?”

“పుట్టుకతో వచ్చింది కాదండీ. సర్వీసులో ఉండగా సంపాదించుకున్నాను.”

గుమ్మం దగ్గర ఎర్రన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా పంచె, పంచె మడతలో మొల దగ్గర దోపిన తాళాల గుత్తి. డిసెంబరులో రిటైరవుతాడు. ఎవరు మాట్లాడినా వాళ్ళ ముఖంకేసి రెప్ప వెయ్యకుండా చూసి, చివర “సిత్తమమ్మా” అంటాడు. తన మాటను అంత శ్రద్ధగా వినే మనిషిని ఉద్యోగంలో చేరాక శ్రావణి చూడలేదు.

నరసింగరావు కొన్న యంత్రాల చరిత్రను ఆమెకు కోటబొమ్మాళిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే గంగరాజు చెప్పాడు. చరిత్ర చెప్పేటప్పుడు ఉండవలసిన దుఃఖం అతని గొంతులో నిండుగా ఉంది.

మొదటిది ఈల రింగు. తాళాల గుత్తికి తగిలించి, దూరంగా నిలబడి ఈల వేస్తే అది కీచుకీచుమని పలుకుతుంది. పలికింది కూడా. నరసింగరావు ఈలకు ఒక్కదానికే కాదు. స్టేషనులో రైలు కూతకు పలికింది. బస్సు కండక్టరు ఈలకు పలికింది. టీ దుకాణంలో కుక్కరుకు మూడుసార్లు పలికింది. సంఘం మాజీ అధ్యక్షుడొకాయన కాలం చేస్తే సంతాపసభ పెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ప్రస్తుత అధ్యక్షుడు జగన్నాధానికి గాఢంగా ఊపిరి వదిలితే ముక్కులోంచి సన్నగా ఈల వస్తుంది. ఆరోజు ఆయన చాలా గాఢంగా వదిలాడు. ఎర్రన్న మొలలోంచి తాళాలు కీచుమన్నాయి. జనం ఒక కన్ను తెరిచారు. అధ్యక్షుడు కంగారుపడి మళ్ళీ ఊపిరి వదిలాడు. మళ్ళీ కీచుమన్నాయి. రెండు నిమిషాలూ అదే వరస. ఎర్రన్న మాత్రం తల వంచి, చేతులు జోడించి, రాతిబొమ్మలా నిలబడ్డాడు.

“సూసారేటి?” అన్నాడు జగన్నాధం సభ అయ్యాక. “మొలలో అంత గోల అవుతన్నా వొంట్లో ఎక్కడైనా కదలిక ఉన్నాదా? బక్తంటే అదీ!”

మర్నాడే నరసింగరావు ఈల రింగును గంగరాజు దుకాణానికి తిరిగి పట్టుకొచ్చాడు.

“దీనికేటైనాది బాబూ?”

“చప్పుడు చేస్తోంది.”

“సప్పుడు సెయ్యడానికే గదేటి కొన్నారు? సప్పుడు నేకపోతే తాళాలెక్కడున్నాయో మీకెలగ తెలుస్తాది?”

“చప్పుడు లేకుండా తెలిసేది కావాలి గంగరాజూ.”

“అలగైతే నా దుకాణానికెందుకు, గుడికెల్లండి.”

రెండోది మీట నొక్కితే ఎర్రదీపం వెలిగే బిళ్ళ. అదీ కీచుమనేదే కానీ, నరసింగరావు దాని గొంతులో ఇంత దూది కుక్కించి, దీపం మాత్రం చాలన్నాడు. ఆ దీపం పగటిపూట సూర్యుడి ముందు ఓడిపోయింది. మూడోది ఫోనులో మ్యాపు మీద చుక్కగా కనిపించే బిళ్ళ. దాని చప్పుడు కూడా ఆపించాడు.

“సెప్పుకుంటే సిగ్గమ్మా,” అన్నాడు గంగరాజు కళ్ళజోడు తుడుచుకుంటూ. “గొంతున్న వస్తువులు అమ్ముకునేవోణ్ణి నాను. ఆయన నా సేతే వాటి గొంతులు నొక్కించేత్తన్నాడు.”

ఒక ఆదివారం నరసింగరావు భార్య పద్మకుమారి శ్రావణిని భోజనానికి పిలిచింది. పప్పు వడ్డిస్తూ, “మా ఆయనతో ఆఫీసులో ఎలగ నెగ్గుకొస్తన్నావమ్మా?” అని అడిగింది.

“తాళాల సంగతి తప్పితే మంచివారేనండీ. ఇంట్లో కూడా ఇంతేనా?”

పద్మకుమారి గరిటె గాలిలో ఆపేసింది. “ఇంట్లోనా? నా పెళ్ళినాటి పట్టుచీర ఏ పెట్టెలో ఎన్నో మడత కింద ఉన్నాదో ఆయన్నడుగు, సెప్తారు. మొన్న నా సూది పోతే మంచం దిగకుండా సెప్పారు, కిటికీ తెరకు గుచ్చి ఉన్నాదని. ఆఫీసు గుమ్మం తొక్కితేనే ఆ మాయరోగం. ఆ గోదాములో ఏటున్నాదో ఏటో! దిష్టి తీయించమంతే ఇనరు.”

నరసింగరావు తలెత్తకుండా పెరుగు కలుపుకున్నాడు. శ్రావణి అన్నం తింటూ ఆ మాటను కూడా నమలడం మొదలుపెట్టింది.

ఆగస్టులో యూరియా వచ్చింది. వరినాట్లు అయిపోయి, పైరు పచ్చబడడానికి ఎదురుచూస్తున్న రోజులు. ముందురోజు సాయంత్రం లోడు దింపారు. తెల్లారేసరికి గోదాము ముందు గొడుగులు, పాస్‌పుస్తకాలు, మనిషికి బదులుగా వరసలో పెట్టిన చెప్పులు. తొమ్మిదింటికి ఎర్రన్న మొల తడుముకున్నాడు. ఆయన ముఖం తెల్లబోయింది. మరుక్షణంలో నరసింగరావు గోదాము మెట్టెక్కి రెండు చేతులూ పైకెత్తాడు.

“రైతు సోదరులకు మనవి. తాళాలు నిన్న సాయంత్రం ఎర్రన్న దగ్గర నేను తీసుకున్నాను. ఎక్కడో పెట్టాను. మరిచిపోయాను.”

వరస వరసంతా ఒక్క గొంతుతో మూలిగింది.

“ఓలమ్మో, మళ్ళీనా!”

“ఒరే బావా, నీ తలకాయైనా ఇంటికాడ మర్సిపోకుండా తెచ్చినావేటి?”

“ఆ తాళం బద్దలు కొట్టీయండెహె!”

“మెడకి పలుపు కట్టి దానికి తాళాలు ఏలాడదీయండి మావా, గేదెకి గంట కట్టినట్టు!”

నరసింగరావు అన్నిటికీ తల ఊపుతూ ఫోను తెరిచాడు. మ్యాపు మీద చుక్క టెక్కలి రోడ్డు పట్టుకుని నింపాదిగా పోతోంది. ఆయన మోపెడ్ మీద దాని వెంట పడ్డాడు. చుక్క ఆగినచోట ఆయనా ఆగాడు. అది మురళీమోహన్ అనే రైతు ట్రాక్టరు. ముందురోజు లోడు దింపింది ఆ ట్రాక్టరే. తొట్టిలో మూల గుత్తి పడి ఉంది. బస్తాలు దింపేటప్పుడు అక్కడ నిలబడ్డది ఎర్రన్న. నరసింగరావు ఆ చుట్టుపక్కలకు కూడా పోలేదు. ఈ ముక్క మురళీమోహన్ శ్రావణితో ఊరికే అన్నాడు. ఆమె మాత్రం ఊరికే వినలేదు.

గోదాము తెరిచేసరికి పదకొండున్నర. అప్పటికే ఎవరో పై ఆఫీసుకు ఫోను చేశారు. మూడు రోజుల్లో బాధ్యుడి పేరు రాసి పంపమని శ్రావణికి ఉత్తర్వు వచ్చింది. అదే సాయంత్రం నరసింగరావు తెల్లకాగితం మీద తన పాత వాక్యాన్ని నాలుగోసారి అందంగా రాసి, ఆమె బల్లమీద పెట్టి, గాలికి ఎగరకుండా పేపరువెయిట్ కూడా పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అలికిడి లేదు. శ్రావణి కిటికీ దగ్గర నిలబడి ఆ కాగితాన్నే చూస్తోంది. బయట ఎర్రన్న గోదాము నుంచి గేటు వైపు నడుస్తున్నాడు. సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు వేసేసరికి మొలలోంచి తాళాల గుత్తి జారి ఖణేల్‌మని పడింది. అరుగు కింద నిద్రపోతున్న కుక్క లేచింది. గోడమీద కాకి ఎగిరిపోయింది. శ్రావణి చేతిలో కాగితం కూడా ఉలిక్కిపడింది.

ఎర్రన్న వెనక్కి తిరగలేదు. అదే నడక నడుచుకుంటూ గేటు దాకా పోయాడు.

పక్కగదిలో కుర్చీ జరిగింది. నరసింగరావు ఏదో పని ఉన్నవాడిలా బయటికొచ్చి, గుత్తిని తీసి, కిటికీ బయటి అంచు మీద నెమ్మదిగా పెట్టాడు. లోపల శ్రావణి ఉన్నదని ఆయన చూడలేదు. తర్వాత గేటు దాకా పోయి, ఎర్రన్న ఎదుటికొచ్చి, రెండు చేతులూ ఊపాడు.

“ఎర్రన్నా! ఇందాక నీ దగ్గర తాళాలు తీసుకున్నానా, మళ్ళీ ఎక్కడో పెట్టేశాను!”

ఎర్రన్న చెయ్యి మొలకు పోయింది. అక్కడ ఏమీ లేదు. “తీసుకున్నారా బాబూ?” అని ఒక్క క్షణం ఆలోచించి, “ఆఁ, తీసుకునే ఉంతారు. నాకే గేనం నేదు. నిన్ననే అంత గొడవ అయినాది, ఏటి బాబూ ఇది! ఉండండి, నాను ఎతుకుతాను” అన్నాడు.

ఇద్దరూ వెతికారు. నరసింగరావు పూలకుండీ ఎత్తి చూశాడు. మళ్ళీ పడుకున్న కుక్కను లేపి దాని కింద చూశాడు. కిటికీ వైపు మాత్రం పోలేదు. అయిదు నిమిషాలకు ఎర్రన్న గుత్తిని పట్టుకుని, గెలిచిన పొట్టేలులా తల ఆడించాడు.

“దొరికినాయి! నాను నేకపోతే మీరేటయిపోదురు బాబూ!”

“అదే నా దిగులు కూడాను” అన్నాడు నరసింగరావు.

సాయంత్రం శ్రావణి ఆయన్ను లోపలికి పిలిచి తలుపు మూసింది.

“ఎర్రన్నకు ఎన్నాళ్ళ నుంచి వినబడటం లేదు?”

నరసింగరావు జేబులో రెండు పెన్నులనూ సర్దుకున్నాడు. బొత్తిగా దారి లేదని తేలాక నోరు విప్పాడు.

“రెండేళ్ళండీ. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి గ్రహిస్తాడు. మిషను పెట్టుకోమంటే, నాకేటి, నాను బాగానే ఇంతన్నాను అంటాడు. అందరి తాళాలూ జారతాయి మేడమ్. పడిన చప్పుడు వినబడుతుంది కాబట్టి తీసుకుంటారు. వాడికి వినబడదు. అంతే తేడా.”

“మరి మీరెందుకు నెత్తిన వేసుకోవడం? నాలుగో మెమో అండీ ఇది!”

“మతిమరుపు గుమాస్తాను ఎవరూ తీసెయ్యరు మేడమ్, మహా అయితే కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెడతారు. వినబడని వాచ్‌మన్‌ను మాత్రం ఒక్క పూట ఉంచరు. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. ఇంక నాలుగు నెలలు. ఖాకీ చొక్కాతోనే ఇంటికి పోవాలని వాడి ఆశ.”

“నిజంగా దొంగ వస్తే?”

“కుక్క ఉంది కదండీ. రాత్రిళ్ళు దాని తాడు ఎర్రన్న చేతికి కట్టి ఉంటుంది. అది లేస్తే వాడు లేస్తాడు. ఆ ఏర్పాటు వాడి సొంతం. నాకు తెలుసని వాడికి తెలియదు.”

ఉత్తర్వుకు ఆఖరి రోజు. శ్రావణి రెండు పేర్ల మధ్య కలం పట్టుకుని కూర్చుంది. ఒకటి రాస్తే నిజం అబద్ధమవుతుంది. రెండోది రాస్తే ఖాకీ చొక్కా పోతుంది. అప్పుడు తలుపు దగ్గర ఎర్రన్న గొంతు సవరించుకున్నాడు. లోపలికొచ్చి, ఆమె ముఖం బాగా కనబడేలా నిలబడ్డాడు.

“అమ్మా, ఒక మాట. నరసింగరావు బాబు సంగతి.”

“చెప్పు ఎర్రన్నా.”

“ఆరు శానా మంచోరమ్మా. వయసు మీదపడిపోనాది, బుర్ర నిలవటం నేదు. నా కాడ తాళాలు తీసుకున్నానంతారు. ఎప్పుడు తీసుకున్నారో ఆరికీ తెలీదు, నాకూ తెలీదు. ఈ ముక్క బయట సెప్పకండి. పాపం, అంత సదువుకున్నోరు. నాను పదిమార్లు ఎతికి ఇచ్చినాను.”

శ్రావణి కలం కింద పెట్టింది.

“తప్పు నా మీద రాసేయండమ్మా. ఎర్రన్నే పోగొట్టినాడని రాయండి. అబద్దమే అనుకోండి, పరవానేదు. పై ఆఫీసరొచ్చి అడిగినా నాను ఒప్పుకుంతాను. నాకు నాలుగు నెలలే కదా, ఇప్పుడు పంపిచ్చేత్తే ఏటి? ఆ బాబుకింకా సర్వీసు ఉన్నాది.”

“ఖాకీ చొక్కా ఇచ్చేయాల్సి వస్తుంది ఎర్రన్నా.”

ఎర్రన్న చొక్కా బొత్తాం ఒకసారి తడిమి చూసుకున్నాడు. “సిత్తమమ్మా” అన్నాడు.

ఆయన వెళ్ళాక శ్రావణి చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కాగితం తీసి, ఆ సంఘం చరిత్రలోనే అతి గంభీరమైన నివేదిక రాసింది.

‘విచారణలో తేలినదేమనగా: గోదాము తాళముల గుత్తికి గల ఇనుప రింగు మిక్కిలి అరిగి, ఎవరి వద్దనున్ననూ నిలకడ లేక జారిపోవు స్వభావము కలిగియున్నది. సిబ్బంది నడవడి సంతృప్తికరము. తప్పు తమదేయని చెప్పుకొనుటలో వారు ఒకరికొకరు తీసిపోరు. కావున జరిగిన అసౌకర్యమునకు పూర్తి బాధ్యత సదరు రింగుపై మోపి, దానిని విధులనుండి తొలగించడమైనది.’

వారం తర్వాత పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: ‘చర్య సముచితము. కొత్త రింగు కొనుటకు అనుమతి.’

కొత్త రింగుతోపాటు నరసింగరావు నాలుగో యంత్రం కూడా తెప్పించాడు. తాళాలకొక బిళ్ళ, చేతికొక పట్టీ. రెండూ ఆరడుగులు విడిపోతే పట్టీ ఉలకదు, పలకదు. మణికట్టు మీద జిలజిలమని అదురుతుంది, అంతే. గంగరాజు దాన్ని చేతిలో పట్టుకుని, “సప్పుడు నేదు, దీపం నేదు, మ్యాపు నేదు. మీ కోసమే పుట్టినాది బాబూ” అని దణ్ణం పెట్టాడు.

నరసింగరావు దాన్ని ఎర్రన్న చేతికి స్వయంగా కట్టాడు.

“నేను నీకు చెప్పకుండా తాళాలు పట్టుకుపోతే ఇది అదురుతుంది. అప్పుడు నన్ను ఆపాలి. ఇకమీదట నా మతిమరుపు నీ పూచీ.”

ఎర్రన్న ఆ బాధ్యతను ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ బాధ్యతనూ తీసుకోనంత గట్టిగా తీసుకున్నాడు. చెయ్యి అదిరినప్పుడల్లా ఎక్కడున్నవాడు అక్కడ ఆగి, ఊరు అదిరేలా “బాబూ! తాళాలు!” అని కేకపెట్టేవాడు. నరసింగరావు గది తలుపులోంచి తల బయటపెట్టి, “నా దగ్గర లేవే! నీ వెనకాల ఎక్కడైనా పడేశానేమో చూడు” అనేవాడు. ఎర్రన్న వెనక్కి తిరిగేవాడు. గుత్తి అక్కడే ఉండేది.

“ఇంత నిర్లచ్యం అయితే ఎలగ బాబూ?” అని కోప్పడేవాడు.

“ఏం చెయ్యను ఎర్రన్నా, నా ఖర్మ” అనేవాడు నరసింగరావు.

డిసెంబరు ఆఖరున ఎర్రన్నకు సన్మానం జరిగింది. జగన్నాధం శాలువా కప్పి, ఆనాటి సంతాపసభలో ఎర్రన్న చూపించిన నిబ్బరాన్ని మరొకసారి సభకు గుర్తుచేశాడు. ఎర్రన్న ఖాకీ చొక్కా మీదే శాలువా కప్పుకున్నాడు. మాట్లాడమంటే, తన చేతి పట్టీ విప్పి కొత్త వాచ్‌మన్ అప్పలసూరి చేతికి తొడిగి, ఒక్కటే మాట చెప్పాడు.

“ఒరే సూరీ, గోదాము ఎక్కడికీ పోదు. నరసింగరావు బాబుని మాత్రం ఒక కంట కనిపెట్టుకోని ఉండు.”

నరసింగరావు ముందువరసలో కూర్చుని అందరికన్న ముందు చప్పట్లు కొట్టాడు. ఎర్రన్నకు కనబడేలా చేతులు బాగా పైకెత్తి కొట్టాడు.

జనవరి గడిచింది. ఫిబ్రవరి గడిచింది. నరసింగరావు తాళాలు పోగొట్టలేదు. ఊరు ఊరంతా దీన్ని ఒక మహాద్భుతంగా చెప్పుకుంది. పద్మకుమారి ఆయనకు తెలియకుండా దిష్టి తీయించిన సంగతి బయటపెట్టింది. జగన్నాధం తాను సిఫారసు చేసిన సరస్వతీ ఆకు లేహ్యం వల్లే అన్నాడు. అదంతా ఆ నాలుగో యంత్రం మహిమేనని గంగరాజు దుకాణం ముందు బోర్డు కట్టాడు. శ్రీకాకుళం నుంచి కూడా మతిమరుపువాళ్ళు వచ్చి అడుగుతున్నారట. శ్రావణిని అడిగితే మాత్రం కొత్త రింగు గట్టిదని చెబుతుంది.

అప్పలసూరికి బాగా వినబడుతుంది.